ఖందక్‌లో తగిలిన బాణం, మస్జిద్‌లో వేసిన ఖైమా



నెలన్నరగా ఇక్కడ ఏమీ రాయలేదు. కొందరు ఫోన్ చేసి ఖైరియత్ అడిగారు, షుక్రియా. నా తబియత్ బాగానే ఉంది. షుగర్ ఎప్పటిలాగే ఒకరోజు మాట వింటుంది, ఒకరోజు వినదు. బాగా లేనిది నా దోస్త్‌కి. ఇద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర అలిఫ్ బే నేర్చుకున్నాం. ఒకే సైకిల్ మీద ఇద్దరం స్కూలుకి పోయినవాళ్లం. ఇషా తర్వాత హైవే మీద బైక్‌పై ఇంటికి వస్తుంటే వెనక నుంచి లారీ తగిలింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, నడుము దగ్గర వెన్నుపూస దెబ్బతింది. నల్లగొండలో కట్లు కట్టి ఆ రాత్రే హైదరాబాద్ పంపించారు.

నేను చూడటానికి వెళ్లింది పదకొండో రోజున. రాయడానికి షరమ్‌గా ఉంది కానీ రాస్తున్నాను. పనులున్నాయి, అమ్మాయికి పరీక్షలున్నాయి, ఎలాగూ ఐసీయూలోకి పోనివ్వరు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. మంచం మీద వాణ్ని అలా చూడలేననే భయం. ఫోన్ గ్రూపులో మాత్రం మొదటి రోజే రాశాను, అల్లాహ్ షిఫా ప్రసాదించాలని. దాని కింద అరవై దాకా ఆమీన్‌లు పడ్డాయి. పదకొండో రోజు వార్డు తలుపు దగ్గర భాభీ నన్ను చూసి ఏమీ అనలేదు. కాసేపాగి ఒక్క మాట చెప్పింది: "రోజ్ పూఛ్ రై థే భయ్యా, ఆయే క్యా బోల్‌కే."

ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గుర్తొచ్చారు. బాణం తగిలి నెల రోజులు మంచాన ఉన్న ఒక మనిషి, ఆయన కోసం మస్జిదున్నబవీలో వేసిన ఒక ఖైమా. సీరత్ పుస్తకాల్లో ఈ వాఖియా చదివాను, బయాన్‌లలో విన్నాను. కానీ దాన్ని ఒక దోస్త్ గాయం కథగా ఎప్పుడూ చదవలేదు.

సాద్ (రజి) మదీనాలో ఔస్ కబీలా సర్దార్. హిజ్రత్‌కి ముందే, మదీనాలో దీన్ బోధించడానికి వచ్చిన హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) చేతుల మీద ఇస్లాం స్వీకరించారు. వెంటనే తన వాళ్ల దగ్గరికి పోయి, మీరు ఈమాన్ తెచ్చేదాకా మీ ఆడవాళ్లతో, మగవాళ్లతో నాకు మాటల్లేవని చెప్పేశారు. సాయంత్రానికి ఆ ఖాందాన్ మొత్తం ముస్లింలయ్యారు. బద్ర్ ముందు అన్సార్ తరఫున లేచి ధైర్యంగా మాట్లాడిందీ ఆయనే. అప్పటికి ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. మనిషి భారీ విగ్రహం. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

హిజ్రీ 5, అంటే సుమారు ఈసవీ 627లో ఖురైష్, వాళ్లతో కలిసిన కబీలాలు పదివేల మందితో మదీనా మీదికి వచ్చాయి. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మీద ముస్లింలు ఖందక్ తవ్వారు. చలి, ఆకలి, పొట్టకు కట్టుకున్న రాళ్లు, ఇవన్నీ మన పిల్లలకు కూడా తెలుసు. ఎదురెదురుగా పెద్ద జంగ్ జరగలేదు. రోజుల తరబడి కందకానికి అటూ ఇటూ నిలబడి బాణాలేసుకున్నారు. ముస్లింలలో షహీద్ అయినవాళ్లు ఆరుగురేనని ఇబ్నె ఇస్హాఖ్ లెక్క చెప్పారు. ఆ ఆరుగురిలో సాద్ (రజి) ఒకరు. కానీ ఆయన మైదానంలో పోలేదు.

ఇక్కడ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ఒక ముచ్చట ఉంది. ఆ రోజుల్లో ఆమె, సాద్ తల్లి ఒకే కోటలో ఉన్నారు. సాద్ (రజి) ఆ దారినే పోతున్నారు. ఒంటి మీద ఇనుప కవచం, కానీ అది పొట్టిది. చేతులు మొత్తం బయటికి కనిపిస్తున్నాయి. తల్లి చూసి, బేటా తొందరగా పో, ఆలస్యమైందని తరిమింది. ఆయిషా (రజి) మాత్రం ఆ తల్లితో, ఆ కవచం ఇంకొంచెం పొడుగుంటే బాగుండేదని అన్నారు. బైక్ ఎక్కుతున్న కొడుకుతో హెల్మెట్ పెట్టుకో అనే అమ్మీలను, ఆలస్యమైంది పో అనే అమ్మీలను నేను చూశాను. ఒక్కోసారి ఇద్దరూ ఒకే అమ్మీ.

బాణం ఆ బయట ఉన్న చేతికే తగిలింది. ఖురైష్ మనిషి హిబ్బాన్ బిన్ అరిఖా వేసిన బాణం. తెగింది అక్‌హల్ అనే నరం. పాత తిబ్‌లో చేతి మధ్య నరాన్ని అక్‌హల్ అంటారు, ఫస్ద్ చేయడానికి హకీంలు ఎంచుకునే నరాల్లో అది ఒకటి. షుగర్ ఉన్నవాళ్లకు సులువుగా చెప్పాలంటే, ల్యాబ్‌లో అమ్మాయి మోచేతి లోపలి వైపు రబ్బరు కట్టి, వేలితో తట్టి వెతికే చోటు. అక్కడ సూది గుచ్చితేనే మనం మొహం తిప్పుకుంటాం.

హజ్రత్ జాబిర్ (రజి) రివాయత్ సహీహ్ ముస్లింలో ఉంది. రక్తం ఆపడానికి ప్రవక్త (స) స్వయంగా తన చేత్తో, బాణపు ములికి కాల్చి సాద్ (రజి) గాయానికి వాత పెట్టారు. చెయ్యి వాచింది. మళ్లీ రెండోసారి వాత పెట్టారు. ఇది చదివేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి: వాత పెట్టే ఇలాజ్ ప్రవక్త (స)కు ఇష్టం లేదు. షిఫా మూడింటిలో ఉందని, తేనె, హిజామా, వాత అని చెప్తూనే ఉమ్మత్‌ని వాతకు దూరంగా ఉండమన్నారు. అయినా దోస్త్ నెత్తురు ఆగనప్పుడు నిప్పు చేతిలోకి తీసుకున్నారు. దువా సరిపోతుంది, దవా ఎందుకు అనేవాళ్లు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లతో నేను బహస్ చేయను, ఈ రివాయత్ చెప్పి ఊరుకుంటాను.

మా వాడికి కూడా రెండుసార్లు ఆపరేషన్ అయింది. మొదటిసారి తొడలో రాడ్ వేశారు. రెండోసారి చీము పడితే విప్పి కడిగారు.

తర్వాతి విషయమే నన్ను ఆ బెంచీ మీద కూర్చోనివ్వలేదు. సాద్ (రజి)కు సొంత ఇల్లుంది, కబీలా ఉంది, తల్లి ఉంది. సర్దార్‌కి సేవ చేసేవాళ్లకు కొదవేముంటుంది? కానీ ప్రవక్త (స) ఆయన కోసం మస్జిద్‌లో ఖైమా వేయించారు. ఎందుకో సహీహ్ బుఖారీలో ఆయిషా (రజి) మాటల్లోనే ఉంది: దగ్గరగా ఉంటే ఇయాదత్ చేయడం తేలికని. అంతే కారణం. అల్లాహ్ రసూల్ (స) హుజ్రా తలుపు మస్జిద్‌లోకే తెరుచుకుంటుంది. ఇంట్లోంచి బయటికి అడుగు పెడితే దోస్త్ కనిపించాలి.

ఆ ఖైమా రుఫైదా అనే ఒక ఖాతూన్‌దని ఇబ్నె ఇస్హాఖ్ రాశారు. అస్లం కబీలా ఆవిడ. గాయపడినవాళ్లకు ఇలాజ్ చేసేది. ముఖ్యంగా ఎవరూ దిక్కులేని ముస్లింలకు ఖిద్మత్ చేయడాన్ని సవాబ్‌గా భావించి తన మీద వేసుకుంది. ఈ మధ్య ఫోన్లలో రుఫైదా (రజి) గురించి పేజీలకు పేజీలు తిరుగుతున్నాయి, ఎంతమందికి శిక్షణ ఇచ్చిందో, ఏ పరికరాలు వాడిందో చూసినట్టే రాస్తున్నారు. పాత కితాబుల్లో ఉన్నది రెండు మూడు వాక్యాలే. నాకు ఆ రెండు మూడు చాలు. ఢిల్లీలో జామియా హందర్ద్ వాళ్లు తమ నర్సింగ్ కాలేజీకి రుఫైదా పేరు పెట్టుకున్నారు. ఆ ఖైమా గురించి ఇంతకంటే మంచి తఫ్సీర్ ఎవరు రాస్తారు?

ఇమాం బుఖారీ గారిదే అల్ అదబుల్ ముఫ్రద్ అనే ఇంకో కితాబ్ ఉంది, రోజువారీ మర్యాదల గురించి. అందులో ఈ ఖైమా రోజుల గురించి చిన్న రివాయత్ ఒకటి. ప్రవక్త (స) అటుగా పోయినప్పుడల్లా, సాయంత్రమైతే సాయంత్రం ఎలా ఉందని, పొద్దునైతే పొద్దున ఎలా ఉందని సాద్‌ని అడిగేవారు. సాద్ చెప్పేవారు. ఈ చివరి రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సాద్ చెప్పేవారు. అంటే అడిగినాయన నిలబడి వినేవారన్నమాట. మనం "కైసే హై" అని అడిగి, "అల్‌హందులిల్లాహ్" వినీ వినకుండానే లారీ నంబర్ రాసుకున్నారా, ఇన్సూరెన్స్ ఉందా, ఫలానా వాళ్ల అబ్బాయికి ఇలాగే అయ్యి ఏమైందో తెలుసా అని మొదలుపెడతాం. చేతిలో యాపిల్స్ సంచీ, కళ్లు గోడ గడియారం మీద.

ఆ నెలలోనే సాద్ (రజి)ను గాడిద మీద తోలు మెత్త వేసి ఎక్కించి బనూ ఖురైజా దగ్గరికి తీసుకుపోయారు, ఫైసలా చెప్పడానికి. అది వేరే అధ్యాయం. దాని మీద రాసినవి చాలా ఉన్నాయి, ఇక్కడ సగం చెప్పి వదిలేయడం సరికాదు. నేను చెప్పేది తిరిగొచ్చాక జరిగినది. గాయం మానినట్టే అయింది. గాయపడిన మొదట్లోనే ఆయన దువా చేసుకున్నారు: ఖురైష్‌తో ఇంకా జంగ్ మిగిలి ఉంటే నన్ను ఉంచు, లేకపోతే ఈ గాయాన్నే షహాదత్ చేయి అని. ఒక రాత్రి గాయం తెరుచుకుంది. మస్జిద్‌లోనే బనూ గిఫార్ వాళ్ల ఖైమా ఒకటి పక్కన ఉంది. వాళ్ల వైపు తడిగా ఏదో పారుతూ వచ్చింది. మీ వైపు నుంచి ఇదేమిటి వస్తోందని వాళ్లు గాభరాగా అడిగారు. చూస్తే సాద్ నెత్తురు.

వయసు ముప్పై ఏడు అంటారు.

ఆ సమయంలో ప్రవక్త (స), హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఆయన దగ్గర ఉన్నారు. నేను నా గదిలో ఉండే ఎవరి ఏడుపు ఎవరిదో గుర్తుపట్టగలిగాను, అబూబకర్‌ది వేరు, ఉమర్‌ది వేరు అని ఆయిషా (రజి) తర్వాత చెప్పారు. ముస్నద్ అహ్మద్‌లో ఉంది ఈ మాట. మగవాళ్లు ఏడవకూడదని మనకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఆ ఖైమాలో మాత్రం నేర్చుకోలేదు. అంత భారీ మనిషి జనాజా తేలిగ్గా ఉందేమిటని మోసినవాళ్లు ఆశ్చర్యపోతే, మీతో పాటు ఫరిష్తాలు మోస్తున్నారని జవాబొచ్చింది. సాద్ మౌత్‌కి అర్ష్ కదిలిందని బుఖారీ, ముస్లిం ఇద్దరూ రాశారు.

అంటే ప్రవక్త (స) చేతి ఇలాజ్, రుఫైదా ఖిద్మత్, మస్జిద్ నీడ, ఇన్ని ఉన్నా సాద్ (రజి) బతకలేదు. దగ్గరుంటే గాయం మానుతుందని ఆ ఖైమా ఎవరికీ మాటివ్వలేదు. నేను పదకొండు రోజులు పోకపోవడానికి లోపల ఎక్కడో ఒక సాకు ఉండేది: నేను పోతే వాడి ఎముక అతుక్కుంటుందా? ఈ వాఖియా నా చేతిలోంచి ఆ సాకు లాగేసుకుంది.

ఇంకో సాద్ కూడా ఉన్నారు, పేరు ఒకటే కాబట్టి చాలామంది కలిపేస్తారు. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి). హిజ్రీ 10లో, హజ్జతుల్ విదా రోజుల్లో మక్కాలో ఆయనకు తీవ్రంగా జబ్బు చేసింది. బతకననుకున్నారు. చూడటానికి వచ్చిన ప్రవక్త (స)తో ఆయన మొదట మాట్లాడింది ఆస్తి గురించి: వారసురాలు ఒక్క కూతురే, మూడింట రెండొంతులు సదఖా చేయమంటారా అని. వద్దన్నారు. సగం? వద్దన్నారు. మూడో వంతు చాలు, అదే ఎక్కువ, వారసుల్ని చెయ్యి చాపే స్థితిలో వదిలిపెట్టకు అన్నారు. నేటికీ మన వసీయత్‌లకు ఆ మూడో వంతే హద్దు. ఎంత పెద్ద ఖానూన్ ఒక బీమార్ మంచం పక్కన పుట్టిందో చూడండి. తర్వాత ప్రవక్త (స) ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, మొహం మీదుగా పొట్ట దాకా నిమిరారు. ఆ చేతి చల్లదనం ఇప్పటికీ నా కలేజాలో తెలుస్తోందని ఏళ్ల తర్వాత కూడా సాద్ చెప్పుకునేవారు. ఈ సాద్ బతికారు. ఖాదిసియ్యాలో లష్కర్‌ను నడిపారు, ముసలివారై పోయారు. ఒక సాద్ పోయారు, ఒక సాద్ ఉన్నారు, ఇయాదత్ మాత్రం ఇద్దరికీ జరిగింది. ప్రవక్త (స)కు ఖిద్మత్ చేసే యూదు పిల్లవాడు జబ్బుపడితే కూడా వెళ్లి తల దగ్గర కూర్చున్నారు. దగ్గరివాడా, మనవాడా అనే లెక్క అక్కడ లేదు.

ఆ ఖైమా నుంచే ఇస్లామీ ఆస్పత్రులన్నీ పుట్టాయని కొందరు రాస్తారు. అంత సూటి దారి కాదది. బగ్దాద్, దమిష్క్, ఖాహిరా బీమారిస్తాన్‌ల వెనక యునానీ ఇల్మ్ ఉంది, ఈరాన్ హకీంలున్నారు, అన్నిటికంటే మించి వక్ఫ్ డబ్బుంది. ఖాహిరాలో 1284లో మన్సూరీ బీమారిస్తాన్ కట్టించిన సుల్తాన్ ఖలావూన్, సుల్తాన్ కాకముందు దమిష్క్‌లో కడుపునొప్పితో పడిపోయి అక్కడి నూరీ బీమారిస్తాన్ దవాతో లేచాడని, అప్పుడే మొక్కుకున్నాడని మఖ్రీజీ రాశాడు. తన జబ్బు తగిలితే గానీ పక్కవాడి జబ్బు తెలియదన్నది సుల్తాన్‌లకూ వర్తిస్తుంది. ఇంకా ముందు, తొమ్మిదో శతాబ్దంలో మిస్ర్‌లో అహ్మద్ బిన్ తూలూన్ కట్టించిన బీమారిస్తాన్ ముచ్చట ఇంకా బాగుంటుంది. ఆ పాలకుడు ప్రతి జుమా రోజు స్వయంగా వచ్చి రోగుల్ని పలకరించేవాడు. ఒకరోజు మతి చెడిన ఒక రోగి దానిమ్మపండు అడిగాడు. ఇప్పించాడు. ఆ రోగి దాన్ని గురి చూసి ఆయన ఛాతీకేసి కొట్టాడు. అంతే, ఇబ్నె తూలూన్ మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఒక్క దానిమ్మతో ఆగిపోయిన ఇయాదత్! నాకైతే అది కూడా తగలలేదు.

ఇవన్నీ దూరదేశాల సంగతులని అనుకోవద్దు. నల్లగొండ బస్సు ఎంజీబీఎస్‌లో దిగి పాతబస్తీ వైపు కాస్త నడిస్తే దారుల్‌షిఫా వస్తుంది. ఇప్పుడది మొహల్లా పేరు, బస్సు స్టాపు పేరు. కానీ ఆ పేరు ఊరికే రాలేదు. చార్మినార్ కట్టిన నాలుగైదేళ్లకే, 1595 ప్రాంతంలో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా అక్కడ దవాఖానా కట్టించాడు. మధ్యలో పెద్ద సహన్, చుట్టూ రెండు అంతస్తుల గదులు. అక్కడే ఉండి ఇలాజ్ చేయించుకునే ఏర్పాటు, యునానీ తిబ్ నేర్పే ఏర్పాటు ఉండేవి. కొత్త షహర్ కడుతూ మస్జిద్‌తో పాటు, బజార్‌తో పాటు నడిబొడ్డులో దవాఖానాకు జాగా పెట్టాడు. ఆ ఇమారత్ ఇప్పుడు శిథిలమైంది. లోపల సర్‌తౌఖ్ అలావా ఉంది, ముహర్రంలో జనంతో నిండిపోతుంది. అక్కడి తబర్రుక్ ఇమాం జైనుల్ ఆబిదీన్ మెడలో వేసిన సంకెళ్లదని అఖీదత్‌మంద్‌ల నమ్మకం. కర్బలాలో జబ్బుతో ఖైమాలో పడి ఉన్నందువల్ల ఆయన్ని బీమారె కర్బలా అంటారు. పాత దవాఖానా గోడల మధ్య ఒక బీమార్ యాది మిగలడం నాకు వింతగా అనిపించదు.

పోయిన వారం ఆ సహన్‌లో కాసేపు నిలబడి, తర్వాత సిటీ బస్సెక్కి వాడి దగ్గరికి పోయాను. ఇప్పుడు వారానికోసారి పోతున్నాను. మిగతా రోజుల్లో ఫజర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి ఫోన్ చేస్తున్నాను. ఖైమా వేసేంత స్థోమత నాకెక్కడిది, నూరు కిలోమీటర్ల దూరం. రాత్రి ఎలా గడిచింది, పగలు ఎలా గడిచిందని అడిగి, నోరు మూసుకుని వింటున్నాను. మొదట్లో వాడు కూడా అల్‌హందులిల్లాహ్ అని పెట్టేసేవాడు. ఇప్పుడు చెప్తున్నాడు. వీపు కింద పుండు పడకుండా భాభీ రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతోందని, పక్క మంచం ముసలాయన రాత్రంతా మల్లన్నను పిలుచుకుంటాడని, తనకు నిద్ర పట్టనప్పుడు ఆ పిలుపే తోడని. నడుస్తాడో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు.

నిన్న మగ్రిబ్ తర్వాత చెప్పాడు, కుడి కాలి బొటనవేలు కదిలినట్టు అనిపించిందట. కదిలిందా, అనిపించిందా అని అడిగాను. "మాలూమ్ నై రే, కల్ ఫిర్ దేఖేంగే" అన్నాడు. తర్వాత నా షుగర్ ఎంతుందని అడిగాడు. రెండొందల పది అన్నాను. తిట్టాడు, చాలాసేపు.